దసరా అయ్యాక లద్దాఖ్: అక్టోబరులో పెద్దవాళ్ళతో, చిన్నపిల్లతో వెళ్ళొచ్చా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అక్టోబరు 10 నుంచి 18 దాకా సెలవు. హైదరాబాద్ నుంచి ఐదుగురు బయల్దేరుతున్నారు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ళ పాప, నాన్నగారు (64, బీపీకి మాత్ర వేసుకుంటారు), అమ్మ (59, షుగర్ మాత్రలు). సీజన్ అయిపోయింది కనుక చవగ్గా అవుతుందని ఎవరో చెప్పారు. వెళ్ళొచ్చా? మనాలి మీదుగా రోడ్డున వెళ్ళాలా, విమానంలోనా? పాంగాంగ్ సరస్సు ఒడ్డున ఒక రాత్రి ఉండొచ్చా?

వెళ్ళొచ్చు. విమానంలో వెళ్ళండి. దిగాక రెండు రోజులు లేహ్ దాటకండి. నుబ్రా లోయ ముందు, పాంగాంగ్ తర్వాత. పాంగాంగ్ చూడండి, ఒడ్డున మాత్రం పడుకోకండి. ఇదంతా అమ్మానాన్నలను డాక్టరు చూసి సరేనన్న తర్వాతే. మనాలి రోడ్డు ఈ నెలలో కుటుంబంతో వద్దు. ఇక చవక సంగతి: గదులు చవకే, బండి ఖర్చు మాత్రం పెద్దగా తగ్గదు. మొత్తం మీద మీరు అనుకున్నంత మిగలదు.

ముందు తేదీల గురించి. అక్టోబరు అంతా ఒకేలా ఉండదు. మొదటి పదిహేను రోజులు ఒక లద్దాఖ్, 20 దాటాక ఇంకో లద్దాఖ్. మొదటి సగంలో లేహ్‌లో పగలు 12 నుంచి 15 డిగ్రీలు, రాత్రి సున్నాకు అటూ ఇటూ. సగానికి పైగా హోటళ్ళు తెరిచే ఉంటాయి, రోడ్లు పొడిగా ఉంటాయి. 20 తర్వాత ఒక్కొక్కటిగా మూతపడతాయి. మొదట పాంగాంగ్ ఒడ్డున టెంట్లు ఎత్తేస్తారు, తర్వాత నుబ్రాలో క్యాంపులు, ఆ తర్వాత లేహ్ ఊళ్ళో చాంగ్‌స్పా వైపు పర్యాటకుల హోటళ్ళు, కాఫీ షాపులు. వాటిలో పనిచేసేవాళ్ళు చాలామంది బయటి రాష్ట్రాలవాళ్ళు. చలి ముదరకముందే సొంతూళ్ళకు వెళ్ళిపోతారు. నవంబరుకల్లా మిగిలేది ఊరివాళ్ళు నడిపే హోమ్‌స్టేలు, మెయిన్ బజారులో ఊరివాళ్ళు తినే హోటళ్ళు. మీ తేదీలు 20 లోపే ముగుస్తున్నాయి, మంచిదే. ఇంకో పది రోజులు ఆలస్యంగా వెళ్దామని మాత్రం అనుకోకండి.

చలి రెండో సమస్య. మొదటిది ఎత్తు. అందరూ స్వెట్టర్ల గురించే అడుగుతారు. చలికి బట్టలున్నాయి, పలచబడిన గాలికి అలాంటివేవీ లేవు. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్లు, ఊరు సుమారు 3,500. ఢిల్లీలో ఎక్కిన గంటంబావుకల్లా ఆ ఎత్తులో దింపేస్తారు. లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులు. ఖర్దుంగ్ లా కనుమ (5,359 మీటర్లు) మీద సగానికి కాస్త ఎక్కువ. ఇది సీజనైనా, ఆఫ్ సీజనైనా మారదు.

మోసం ఎక్కడంటే, దిగిన వెంటనే ఏమీ తెలియదు. ఎండ బాగుంటుంది, కొండలు కనిపిస్తాయి, మనిషికి హుషారుగా ఉంటుంది. తలనొప్పి, వికారం, నీరసం సాధారణంగా ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు మొదలవుతాయి. ఉదయం దిగి, 'బాగానే ఉన్నాంగా' అని సాయంత్రం లేహ్ ప్యాలెస్ మెట్లెక్కినవాళ్ళు ఆ రాత్రి వాంతులతో మంచాన పడతారు. అందుకే మొదటి రోజు గది, భోజనం, నిద్ర అంతే. మంచం మీద పడుకునే ఉండాలని కాదు. గదిలో నెమ్మదిగా తిరగొచ్చు, ఎండలో కూర్చోవచ్చు. మెట్లు వద్దు, సామాను మోయొద్దు. కింది అంతస్తు గది అడగండి. మొదటి రోజు తలస్నానం కూడా మానేయండి. రెండో రోజు సాయంత్రం శాంతి స్తూపానికి కారులో వెళ్ళి రావొచ్చు, పై దాకా రోడ్డుంది.

డయామాక్స్ (అసిటజోలమైడ్) గురించి అడుగుతారని తెలుసు. పెద్దవాళ్ళకు నివారణగా మామూలుగా రాసే మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండు సార్లు. ఎక్కే ముందురోజు మొదలుపెట్టి, పైకి చేరాక రెండు రోజుల దాకా. మీ లెక్కలో 10న మొదలు. కానీ మందుల షాపులో అడిగి కొనుక్కుని వేసుకునే మాత్ర కాదిది. సల్ఫా మందులు పడనివాళ్ళకు దాదాపుగా ఇవ్వరు. మీ నాన్నగారి బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉంటే, రెండూ కలిపి పొటాషియం పడిపోయే ప్రమాదముంది. స్ట్రిప్‌ను తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. పాపకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, అది పిల్లల డాక్టరే చెప్పాలి. వేసుకున్నాక వేళ్ళ చివర తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే, కంగారు పడకండి. సోడా, కూల్‌డ్రింకులు చప్పగా అనిపిస్తాయి, సీసా పాడైందని దుకాణదారుతో గొడవ పడకండి.

ఈ మాత్ర ఎత్తుకు అలవాటు పడడాన్ని త్వరగా చేస్తుంది, అంతే. అది వేసుకున్నాం కనుక రెండో రోజే ఖర్దుంగ్ లా ఎక్కేస్తాం అంటే కుదరదు. నిద్రమాత్రలు, మద్యం రెండూ మొదటి మూడు రాత్రులు ముట్టకూడదు. నిద్రలో ఊపిరి మందగిస్తుంది. నీళ్ళు మూడు లీటర్ల దాకా తాగండి, ఎవరో చెప్పారని ఆరేడు లీటర్లు తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది.

పల్స్ ఆక్సీమీటర్ పట్టుకెళ్ళండి, కానీ చేతులు వెచ్చబడ్డాకే పెట్టండి. చల్లటి వేలికి పెడితే ఎనభై లోపు చూపించి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. అరచేతులు రుద్దుకుని, రెండు నిమిషాలు చంకలో పెట్టుకుని, గోరింటాకు, గోళ్ళరంగు లేని వేలికి పెట్టి, అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. లేహ్‌లో కొత్తగా దిగిన ఆరోగ్యవంతులకే 85 నుంచి 92 మధ్య ఉండడం మామూలు. ఇంట్లో కనబడే 98 అక్కడ కనబడదు. అంకె కన్నా మనిషిని చూడండి. కూర్చున్నచోటే ఆయాసం, ఆగని దగ్గు, మాట తడబడడం, నేల మీద గీత వెంట మడమకు బొటనవేలు ఆనించి నడవమంటే తూలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎస్ఎన్ఎం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేహ్‌లో ప్రభుత్వ ఆసుపత్రి అదే, ఈ కేసులు వాళ్ళకు రోజూ వచ్చేవే. పిల్లలు తలనొప్పి అని చెప్పరు, పేచీ పెడతారు, అన్నం ముట్టరు. పాప ఊరికే విసుక్కుంటోందని వదిలేయకండి.

చిన్న ఆక్సిజన్ డబ్బాలు విమానంలో తేనివ్వరు. అక్కడ కొన్నా, ఒక్కో డబ్బా కొన్ని నిమిషాలకే వస్తుంది. మనసుకు ధైర్యం తప్ప దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి బండిలో అసలు సిలిండరు, మాస్కు ఉన్నాయా అని డ్రైవరును ముందే అడగండి. లేహ్‌లో అద్దెకు దొరుకుతాయి.

ఇప్పుడు పాంగాంగ్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. సరస్సు సుమారు 4,250 మీటర్ల ఎత్తులో ఉంది. దాని ఒడ్డున ఉన్న ఊరు స్పాంగ్‌మిక్‌లో రాత్రి ఉంటే లేహ్‌లో కన్నా ఒక్కసారిగా 750 మీటర్ల పైన పడుకున్నట్టు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య 500 మీటర్ల కన్నా పెంచకూడదన్నది కొండ వైద్యంలో అందరూ పాటించే లెక్క. పగలు కాసేపు పైకి వెళ్ళివచ్చినా ఒంటికి అంత ఇబ్బంది ఉండదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. పైగా అక్టోబరు నడిమికి అక్కడ రాత్రి చలి సున్నాకు దిగువన పది డిగ్రీల దాకా వెళ్తుంది, గాలి తోడవుతుంది.

అసలు భయం ఇదీ కాదు. ఎత్తు జబ్బు ముదిరితే అసలైన వైద్యం కిందికి దించడమే. స్పాంగ్‌మిక్ నుంచి లేహ్‌కు దిగాలంటే ముందు చాంగ్ లా ఎక్కాలి. అది 5,300 మీటర్ల పైమాట. ఊపిరాడని మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకి తీసుకెళ్ళి, అర్ధరాత్రి మంచు పేరుకున్న మలుపుల్లో దింపాలి. జూలైలో ఒడ్డు నిండా బండ్లు, టెంట్లు, మనుషులు ఉంటారు. అక్టోబరులో మీ హోమ్‌స్టేలో మీరే ఉండొచ్చు.

దీనికి మధ్యేమార్గం తాంగ్‌త్సే. సరస్సుకు ముందు వచ్చే ఊరు, సుమారు 3,950 మీటర్లు. అప్పటికే మూడు రాత్రులు లేహ్‌లో పడుకుని అలవాటు పడి ఉంటారు కాబట్టి, లేహ్ లెక్కన చూస్తే 450 మీటర్ల పెరుగుదల, పరిమితి లోపే. ఆరోగ్య కేంద్రం ఉంది, హోమ్‌స్టేలున్నాయి, సరస్సు ఒడ్డున కొట్టే గాలి అంతగా ఉండదు. అక్కణ్ణుంచి సరస్సు గంట దూరం. సరస్సు రంగులు బాగా కనిపించేది ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే, పదకొండు నుంచి రెండు మధ్య. సాయంత్రం మూడింటికి వెళ్ళి 'ఫోటోల్లో ఉన్నట్టు లేదే' అనుకునేవాళ్ళు చాలామంది.

మీ తేదీలకు వరస ఇలా సరిపోతుంది. 10 సాయంత్రం హైదరాబాద్ నుంచి ఢిల్లీ, విమానాశ్రయం దగ్గర్లో గది తీసుకుని నిద్రపోండి. అర్ధరాత్రి విమానమెక్కి, ఢిల్లీలో కుర్చీల్లో జాగారం చేసి లేహ్‌లో దిగితే ఆ నిద్రలేమి తలనొప్పి ఎత్తువల్ల వచ్చిందో, అలసటవల్ల వచ్చిందో ఎవరికీ తేలదు. 11, 12 లేహ్. 13న దిగువ సింధు లోయ, అంటే పత్థర్ సాహిబ్ గురుద్వారా, నిమ్ము దగ్గర సింధు, జన్‌స్కార్ నదుల సంగమం, ఆల్చీ మఠం. ఆల్చీ లేహ్ కన్నా పల్లంలో ఉంటుంది కాబట్టి మూడో రోజుకు సరిగ్గా పనికొస్తుంది. 14న ఖర్దుంగ్ లా దాటి నుబ్రాలో హుండర్. అది దాదాపు 3,100 మీటర్లే, లేహ్ కన్నా తక్కువ. నుబ్రా ముందు పెట్టుకోమన్నది ఇందుకే. ఆ రోజు 5,359 మీటర్లు ఎక్కి దిగుతారు, కానీ పడుకునేది కింద. పైన పదిహేను నిమిషాలకు మించి ఆగకండి. అక్కడి బోర్డు దగ్గర ఫోటోకు క్యూ ఉంటే వదిలేయండి.

14 రాత్రి హుండర్‌లో ఒక నిర్ణయం తీసుకోండి. ఐదుగురూ తిన్నారా, నిద్రపోయారా, ఎవరికైనా ఇంకా తలనొప్పి ఉందా? అందరూ బాగుంటే 15న ష్యోక్ నది వెంట దుర్బుక్, తాంగ్‌త్సే, సరస్సు, తిరిగి తాంగ్‌త్సేలో రాత్రి. ఉదయం ఏడున్నరకల్లా కదలాలి. సరస్సుకు చేరేసరికి ఆరు గంటల దాకా పడుతుంది. ఈ దారిలో పెద్ద కనుమ ఏదీ లేదు. వేసవిలో మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్ళు రోడ్డు మీదికి వస్తాయి. అక్టోబరుకు నది తగ్గిపోతుంది కాబట్టి ఈ దారి ఏడాది మొత్తంలో బాగుండేది ఇప్పుడే. రాత్రి ఎవరికైనా బాగోకపోతే నుబ్రాకు ఇదే దారిన, కనుమ ఎక్కకుండా దిగిపోవచ్చు. 16న చాంగ్ లా మీదుగా లేహ్. 17న లేహ్ దగ్గర్లోని థిక్సే, షే మఠాలు. 18న విమానం. ఎవరికైనా అనుమానంగా ఉంటే 15న హుండర్‌లోనే ఉండిపోండి, 16న లేహ్, పాంగాంగ్ రద్దు. ఐదుగురిలో ఇద్దరు చూసి ముగ్గురు గదిలో పడుకునే సరస్సు వల్ల లాభం లేదు.

సో మోరిరి, హాన్లే, ఉమ్లింగ్ లా ఈసారి జాబితాలోంచి తీసేయండి. హాన్లేలో ఆకాశం చూడాలని చాలామందికి ఉంటుంది, అక్కడి వేధశాల ఉన్నది 4,500 మీటర్ల మీద. తుర్‌తుక్ వెళ్ళాలంటే హుండర్‌లో ఇంకో రాత్రి కావాలి. పాంగాంగ్ మానేస్తే 15న వెళ్ళి రావొచ్చు. నిజం చెప్పాలంటే అక్టోబరులో పాంగాంగ్, తుర్‌తుక్ రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నా ఓటు తుర్‌తుక్‌కే. పల్లంలో ఉంది, వెచ్చగా ఉంటుంది, జల్దరు (ఆప్రికాట్) చెట్లు ఎరుపు పసుపు రంగుల్లోకి తిరిగి ఉంటాయి. 1971 యుద్ధం దాకా పాకిస్తాన్ చేతిలో ఉన్న బాల్టీ జనం ఊరది.

రోడ్ల సంగతి. లేహ్ నుంచి నుబ్రా, పాంగాంగ్ దారులు చలికాలంలో కూడా తెరిచే ఉంచుతారు. మంచు పడితే సరిహద్దు రోడ్ల సంస్థ యంత్రాలు తీసేదాకా ఒక పూట, ఒక్కోసారి ఒక రోజు ఆగాలి. ఈ నెలలో అసలు ప్రమాదం పడిన మంచు కాదు, నల్లమంచు. పగలు కరిగి రోడ్డు మీదికి పారిన నీళ్ళు రాత్రి గడ్డకడతాయి. తారు రంగే కనిపిస్తుంది కాబట్టి డ్రైవరుకు కూడా దగ్గరకొచ్చేదాకా తెలియదు. ఎండ తగలని ఉత్తరం వైపు మలుపుల్లోనే ఇది ఎక్కువ. అందుకని చీకటితోనే బయల్దేరకండి. లేహ్‌లో ఎనిమిదిన్నరకు కదిలితే కనుమ చేరేసరికి ఎండ వస్తుంది. సాయంత్రం నాలుగు లోపు కనుమ దిగిపోవాలి. నడి అక్టోబరులో ఆరుకు ముందే పొద్దు వాలిపోతుంది.

మనాలి నుంచి లేహ్ సుమారు 430 కిలోమీటర్లు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ బాధ తప్పింది గానీ, బారాలాచా లా (4,890), తంగ్‌లాంగ్ లా (5,328) అలాగే ఉన్నాయి. ఈ నెలలో సర్చూ, పాంగ్ దగ్గర టెంట్లు, దాబాలు ఎత్తేస్తుంటారు. మధ్యలో మంచు పట్టుకుంటే తల దాచుకునే చోటు, వేడి టీ దొరికే చోటు ఉండదు. తాండీ దాటాక పెట్రోలు బంకు కోసం మూడొందల కిలోమీటర్లకు పైగా పోవాలి. సర్చూలో రాత్రి ఉండడమంటే అలవాటు పడకుండానే 4,200 మీటర్ల పైన పడుకోవడం. రోడ్డునే వెళ్ళాలని పట్టుదలగా ఉంటే శ్రీనగర్ వైపు నుంచి రండి. సోన్‌మార్గ్, కార్గిల్ 2,700 మీటర్ల దగ్గర ఉన్నాయి, ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది. కానీ దానికి మీ తొమ్మిది రోజులు చాలవు.

గది బుక్ చేసేటప్పుడు ఫోటోలు చూసి మురిసిపోకండి. ఫోన్ చేసి ఇవి అడగండి: మీరు వచ్చే తేదీకి వంటవాడు ఉంటాడా? బాత్రూమ్ గొట్టాల్లో నీళ్ళు వస్తున్నాయా, బకెట్టా? వేడినీళ్ళు గీజరా, సోలారా? గది దక్షిణం వైపా? సోలారైతే వేడినీళ్ళు సాయంత్రం వస్తాయి, పొద్దున్నే రావు. స్నానం నాలుగింటికి పెట్టుకోండి. దక్షిణం వైపు పెద్ద అద్దాల కిటికీ ఉన్న గది పగలంతా ఎండను పట్టి ఉంచుతుంది. ఉత్తరం వైపు గదితో పోలిస్తే తేడా చేత్తో తాకి చెప్పొచ్చు. హీటరుకు చాలాచోట్ల రోజుకింత అని విడిగా తీసుకుంటారు. చవక గది ధరలో ఆ మొత్తం కలిపి చూసుకోండి. హోమ్‌స్టేల్లో మట్టి చల్లే పొడి మరుగుదొడ్డి ఉండొచ్చు, అమ్మానాన్నలకు ముందే చెప్పి ఒప్పించండి.

గ్యాస్ హీటరు గానీ, బుఖారీ (గదిని వెచ్చబరిచే పొయ్యి) గానీ వెలుగుతుండగా తలుపులన్నీ బిగించి నిద్రపోకూడదు. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. దాని మొదటి లక్షణం తలనొప్పి, వికారం. ఎత్తువల్లేననుకుని దుప్పటి ఇంకా ముసుగేసుకుంటారు. పడుకునే ముందు ఆర్పేసి, వేడినీళ్ళ రబ్బరు సంచి పరుపులో పెట్టుకోండి. అది తెల్లవారుజాము దాకా పనిచేస్తుంది.

బండి గురించి రెండు ముక్కలు. లద్దాఖ్ రిజిస్ట్రేషను ఉన్న టాక్సీల్లోనే తిరగాలి, రేట్లు టాక్సీ యూనియన్ ప్రకటిస్తుంది. సీజన్ కాకపోతే బేరానికి కాస్త దిగుతారు. కానీ వేసవిలో లాగా సీటు లెక్కన పంచుకునే తోడు ప్రయాణికులు దొరకరు. ఐదుగురున్నారు కాబట్టి మీకా ఇబ్బంది లేదు. ఒకరిద్దరు వెళ్తే మాత్రం బండి మొత్తం అద్దె మీదే పడుతుంది. వెనక వరుసలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టకండి, కుదుపులకు కడుపులో తిప్పుతుంది.

బట్టలు: లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్, పైన గాలి దూరని జాకెట్. మూడు పొరలూ విడివిడిగా ఉండాలి. ఎండలో నిలబడితే చొక్కా చాలనిపిస్తుంది, అడుగు నీడలోకి వేస్తే వణుకు. ఒకే లావుపాటి కోటు వేసుకుంటే విప్పడం, తొడగడంతోనే సరిపోతుంది. లావు జాకెట్లు లేహ్ బజారులో అద్దెకు దొరుకుతాయి, థర్మళ్ళు ఇక్కడే కొనుక్కోండి. అమ్మ చీరే కడతానంటే లేహ్‌లో లోపల ఉన్ని లెగ్గింగ్స్‌తో నడిచిపోతుంది. కనుమలు దాటే రోజున కుచ్చిళ్ళలోంచి గాలి కొడుతుంది, ఆ రెండు రోజులకు సల్వార్‌కు ఒప్పించండి. బూట్లు రెండు జతల సాక్సులు పట్టేంత వదులుగా ఉండాలి. బిగుతైతే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. మంకీ క్యాప్ చూసి ఎవరూ నవ్వరు అక్కడ. కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకడుతుంది, బదులు వాజెలిన్ తీసుకెళ్ళండి. ముక్కు లోపల ఎండిపోయి రక్తం చారలు రావడం మామూలు, రాత్రి కాస్త వాజెలిన్ రాస్తే తగ్గుతుంది.

అమ్మకు గ్లూకోమీటరు చలిలో ఎర్రర్ చూపిస్తుంది. స్ట్రిప్పులు, మీటరు లోపలి జేబులో పెట్టుకుని, గదిలో వెచ్చబడ్డాక చూడండి. ఎవరికైనా ఇన్సులిన్ ఉంటే అది గడ్డకట్టకూడదు. గడ్డకట్టి కరిగినది పనికిరాదు, పారేయాలి. రాత్రి బ్యాగులో వదలకుండా పరుపు పక్కన పెట్టుకోండి. ఫోను, పవర్‌బ్యాంకు కూడా అంతే.

భోజనానికి బెంగ లేదు. 3,500 మీటర్ల దగ్గర నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకుండా అన్నం, పప్పు సరిగ్గా ఉడకవు. అందరూ కుక్కరే వాడతారు. తుక్పా, మోమో, ఖంబీర్ రొట్టె శాకాహారంలోనూ దొరుకుతాయి. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్ళేటట్టయితే సీసా మెడ దాకా నింపకండి. పైకెళ్ళేకొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనెను మూతలోంచి బయటికి తోస్తుంది. రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. మొదటి రెండు రోజులు కొంచెం కొంచెంగా తినండి, రాత్రి కడుపునిండా వద్దు.

ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. కనీసం ఇద్దరి ఫోన్లయినా వెళ్ళే ముందే మార్పించుకోండి. లేహ్‌లో యూపీఐ నడుస్తుంది, నుబ్రా దాటాక సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, నగదు ఉండాలి. భారతీయులకు 2021 ఆగస్టు నుంచి ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకు వెళ్ళే అనుమతి) అక్కర్లేదు. పర్యావరణ రుసుము మాత్రం కట్టి, రసీదు, ఆధార్ నకళ్ళు చెక్‌పోస్టుల దగ్గర చూపాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్యో, అక్కయ్యో మీతో కలుస్తానంటే ఓసీఐ కార్డు సరిపోదు. వాళ్ళకు విదేశీయుల పర్మిట్ రిజిస్టరైన ఏజెంటు ద్వారా తీయించాలి.

లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే. మధ్యాహ్నం గాలి లేచాక లోయలో దిగడం, లేవడం కష్టం. మబ్బు పట్టినా రద్దవుతాయి. 17న లేహ్ దాటి దూరం పెట్టుకోనిది ఇందుకే, 16న దారి మూసినా ఒక రోజు చేతిలో ఉంటుంది. తిరుగు ప్రయాణంలో లేహ్–ఢిల్లీ–హైదరాబాద్ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. వేరువేరుగా కొంటే మొదటిది రద్దయినప్పుడు రెండోదాని డబ్బులు పోతాయి.

ఇంత జాగ్రత్త పడి ఎందుకు వెళ్ళాలీ అంటే, ఈ నెలలో దొరికేవి వేసవిలో దొరకవు కాబట్టి. నిమ్ము దగ్గర సంగమాన్ని జూలైలో చూస్తే జన్‌స్కార్ బురదనీళ్ళు సింధులో కలుస్తుంటాయి. అక్టోబరుకు హిమానీనదాలు కరగడం తగ్గి, ఒండ్రు రావడం ఆగిపోతుంది. ఒకవైపు నీలం, ఇంకోవైపు ఆకుపచ్చ, మధ్యలో గీత గీసినట్టు కొంత దూరం కలవకుండా పారుతాయి. లేహ్ చుట్టుపక్కల, నుబ్రాలో సఫేదా (పాప్లర్) చెట్లు, విల్లో చెట్లు పచ్చబంగారం రంగుకు తిరిగేది సుమారు అక్టోబరు మొదటి వారం నుంచి ఇరవయ్యో తారీఖు దాకా. హుండర్‌లో ముళ్ళ పొదలకు నారింజరంగు పండ్లు గుత్తులుగా ఉంటాయి, సీబక్‌థార్న్ అంటారు, పుల్లగా ఉంటాయి, రసం అమ్ముతారు. ఆల్చీలో పాత గోడబొమ్మలున్న గదులు చిన్నవి, చీకటిగా ఉంటాయి. సీజన్లో గుంపు వెనక గుంపు తోసుకుంటుంది, ఇప్పుడు నిదానంగా నిలబడి చూడొచ్చు. లోపల ఫోటోలు తీయనివ్వరు.

టికెట్లు కొనే ముందు ఒక పని. నాన్నగారికి ఈసీజీ, బీపీ, డాక్టరు చెబితే ఎకో. అమ్మకు షుగర్‌తో పాటు హిమోగ్లోబిన్. ఎత్తుకు వెళ్ళాక మొదటి రోజుల్లో బీపీ పెరుగుతుంది. ఇక్కడే అదుపులో లేకపోతే అక్కడ ఇంకా పైకి పోతుంది. గుండెకు ఈమధ్య స్టెంట్ వేసినవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు, బాగా రక్తహీనత ఉన్నవాళ్ళు, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఈ ప్రయాణం పెట్టుకోకూడదు.

డాక్టరు వద్దంటే సెలవును పది రోజులు ఆలస్యంగా పెట్టుకుని కశ్మీర్ చూడండి. శ్రీనగర్ 1,585 మీటర్లే, ఎత్తు బాధ లేదు. చినార్ చెట్లు ఎర్రబడేది అక్టోబరు చివరివారం నుంచి నవంబరు రెండో వారం దాకా, కశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నసీమ్ బాగ్‌లో వరసలుగా ఉంటాయి. అదే సమయంలో పాంపోర్‌లో కుంకుమపువ్వు పూస్తుంది, పొద్దున్నే వెళ్తే పొలాల్లో పూలు కోస్తూ కనిపిస్తారు. అక్కడికైతే థర్మల్, ఒక జాకెట్ చాలు. పోస్ట్‌పెయిడ్ సిమ్ మాత్రం అక్కడా కావాలి.